యూనిట్ రూట్ పరీక్షల తీర్పు – దాని పరిమితులు: మదనపల్లె టమాటా ధర, ప్రభుత్వ బాండు రాబడి ఆధారంగా ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

స్థూల ఆర్థిక చరాలపై, బాండు రాబడులపై జరిగే పరిశోధనల్లో స్టేషనారిటీ, కోఇంటిగ్రేషన్ పరీక్షలు తప్పనిసరి తొలి మెట్టుగా స్థిరపడ్డాయి. చాలా సిద్ధాంత గ్రంథాల్లో ఈ మెట్టు ఒక పట్టికతో, రెండు వాక్యాలతో ముగిసిపోతున్నది. పరీక్ష ఇచ్చే తీర్పు శ్రేణి స్వభావంతో పాటు పరిశీలనకు తీసుకున్న కాలవ్యవధి, దత్తాంశం తయారైన తీరు, ఆ కాలంలో అమలులో ఉన్న సంస్థాగత నియమాలు అనే మూడింటిపైనా ఆధారపడి ఉంటుందని ఈ వ్యాసం నిరూపించే ప్రయత్నం చేస్తుంది. ఇందుకు మదనపల్లె టమాటా ధరను, భారత ప్రభుత్వ బాండు రాబడిని ఉదాహరణలుగా తీసుకుని, జి. ఎస్. మద్దాల, ఇన్-మూ కిమ్‌ల గ్రంథాన్ని విమర్శకు ప్రాతిపదికగా స్వీకరించింది.

కీలక పదాలు: కాలశ్రేణి, స్టేషనారిటీ, యూనిట్ రూట్, కోఇంటిగ్రేషన్, టమాటా ధర, బాండు రాబడి, మద్దాల.

1. ఉపోద్ఘాతం

నిమ్మనపల్లె మండలంలో కోసిన టమాటా క్రేట్లకెక్కి మదనపల్లె మార్కెట్ యార్డుకు చేరుతుంది. మండీల్లో వేలం ముగిసేసరికి ఆ రోజు ధర ఒక అంకెగా నమోదవుతుంది. ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని పడమటి మండలాల రైతుకు ఆ అంకె కూలీ, పురుగుమందు, అప్పు వడ్డీలతో ముడిపడిన విషయం. పరిశోధకునికి అదొక కాలశ్రేణిలో ఒక పరిశీలన. ఈ రెండు దృష్టుల మధ్య దూరం ఎంత ఉన్నదో 2023 జులై స్పష్టంగా చూపింది.

ఆ నెలాఖరులో మదనపల్లెలో మేలురకం టమాటా కిలో ధర 200 రూపాయల దరిదాపుకు చేరింది. దేశవ్యాప్తంగా చిల్లర టమాటా ధర ఏడాది క్రితంతో పోలిస్తే దాదాపు మూడింతలయింది. వినియోగదారుల ధరల సూచీలో టమాటా భారం 0.6 శాతానికి లోపే. అయినా మూడింతలైన ధర వల్ల సూచీపై పడే ప్రభావం స్థూలంగా 1 శాతం పాయింటు ఉంటుంది. ఇతర కూరగాయలు కూడా తోడు కావడంతో జూన్‌లో 5 శాతం లోపు ఉన్న చిల్లర ద్రవ్యోల్బణం జులైలో 7.44 శాతానికి ఎగిసింది. ఆగస్టు 10న రిజర్వ్ బ్యాంకు ద్రవ్యవిధాన కమిటీ రెపో రేటును 6.5 శాతం వద్దే ఉంచింది. కూరగాయల ధరల పోటు ఎక్కువ కాలం నిలవదన్నది ఆ నిర్ణయం వెనుక ఉన్న అంచనా. పదేళ్ల ప్రభుత్వ బాండు రాబడి కూడా 7 శాతానికి కాస్త పైన నిలకడగానే ఉండిపోయింది. అక్టోబరు నాటికి ద్రవ్యోల్బణం 4.87 శాతానికి దిగివచ్చింది.

ఇక్కడ రిజర్వ్ బ్యాంకు ముందున్న ప్రశ్న, బాండు వర్తకుని ముందున్న ప్రశ్న, టమాటా రైతు ముందున్న ప్రశ్న ఒక్కటే: వచ్చిన కుదుపు కొన్నాళ్లకు అణగిపోతుందా, లేక శ్రేణిని శాశ్వతంగా కొత్త స్థాయిలో నిలుపుతుందా? స్టేషనారిటీ పరీక్ష అడిగేది కూడా సరిగ్గా ఇదే. కుదుపు అణగిపోయి శ్రేణి తన సగటు వైపు మళ్లితే అది స్టేషనరీ. కుదుపు ప్రభావం ఎన్నటికీ చెరగకపోతే ఆ శ్రేణిలో యూనిట్ రూట్ ఉన్నట్టు. దీన్ని తప్పుగా నిర్ణయిస్తే కేంద్ర బ్యాంకు అనవసరంగా వడ్డీ పెంచుతుంది, లేదా పెంచవలసిన వేళ ఊరకుంటుంది. జులై ధరను శాశ్వతమని నమ్మిన రైతు అప్పు తెచ్చి నారు పోస్తే, పంట చేతికొచ్చేసరికి ధర పడిపోయి ఉంటుంది.

ఇంత బరువైన ప్రశ్నకు పరిశోధన గ్రంథాల్లో దొరుకుతున్న సమాధానం తరచుగా యాంత్రికమైనది. ఆగ్మెంటెడ్ డికీ–ఫుల్లర్ పరీక్ష, ఫిలిప్స్–పెరోన్ పరీక్ష వరుసగా జరుగుతాయి. స్థాయిలో శూన్య పరికల్పన తిరస్కృతం కాలేదనీ, మొదటి భేదంలో తిరస్కృతమయిందనీ రాస్తారు. అన్ని చరాలూ మొదటి తరగతి సమాకలితాలని ప్రకటించి, యొహాన్సెన్ పరీక్షతో దీర్ఘకాలిక సంబంధం ఉన్నదని తేలుస్తారు. ఈ క్రమంలో ప్రతి మెట్టు దగ్గరా ఆగి ప్రశ్నించవలసిన అవసరాన్ని ఈ వ్యాసం చర్చిస్తుంది.

2. పరీక్షల నేపథ్యం

పరస్పర సంబంధం లేని రెండు కాలశ్రేణుల మధ్య అర్థరహితమైన సహసంబంధం ఎందుకు కనిపిస్తుందన్న ప్రశ్నను 1926లో జార్జ్ అడ్నీ యూల్ లేవనెత్తాడు. 1974లో క్లైవ్ గ్రాంజర్, పాల్ న్యూబోల్డ్ కృత్రిమంగా సృష్టించిన యాదృచ్ఛిక చలన శ్రేణులతో అదే ప్రమాదాన్ని చూపి, దానికి మిథ్యా ప్రతిగమనమని పేరు పెట్టారు. 1979లో డేవిడ్ డికీ, వేన్ ఫుల్లర్ యూనిట్ రూట్‌ను పరీక్షించే పద్ధతిని రూపొందించారు. మామూలు టీ-పట్టిక ఇక్కడ పనికిరాదన్నది వారి పద్ధతిలోని కీలకాంశం. స్థిరపదం ఉన్న నమూనాలో 5 శాతం సార్థకత స్థాయికి పెద్ద ప్రతిచయనాల్లో సందిగ్ధ విలువ –2.86, కాలధోరణి కూడా చేరితే –3.41.

1982లో చార్లెస్ నెల్సన్, చార్లెస్ ప్లాసర్ అమెరికాకు చెందిన 14 స్థూల ఆర్థిక శ్రేణులను పరీక్షించి, నిరుద్యోగ రేటు మినహా మిగిలిన వాటిలో యూనిట్ రూట్‌ను తిరస్కరించలేమన్నారు. 1989లో పియర్ పెరోన్ 1929 నాటి పతనాన్ని ఒక నిర్మాణపరమైన మలుపుగా నమూనాలో చేర్చగానే, అవే శ్రేణుల్లో అత్యధికం స్టేషనరీ అని తేలింది. 1992లో జివోట్, ఆండ్రూస్ మలుపు తేదీని పరిశోధకుడు ముందుగా నిర్ణయించకుండా దత్తాంశమే తేల్చేలా చేసినప్పుడు పెరోన్ తిరస్కరణల్లో కొన్ని నిలబడలేదు. దత్తాంశం ఒక్కటే, తీర్పులు మూడు. ఈ పరీక్షల చరిత్రలో పరిశోధక విద్యార్థి మొట్టమొదట గుర్తుంచుకోవలసిన పాఠం ఇదే.

1987లో రాబర్ట్ ఎంగిల్, గ్రాంజర్ కోఇంటిగ్రేషన్ భావనకు పరిపూర్ణ రూపమిచ్చారు. విడివిడిగా ఎటుపోతాయో తెలియని రెండు శ్రేణుల మధ్య ఎడం మాత్రం స్టేషనరీగా ఉంటే అవి కోఇంటిగ్రేటెడ్. 1988లో సోరెన్ యొహాన్సెన్ అనేక చరాలకు ఈ పద్ధతిని విస్తరించాడు. 2003లో ఎంగిల్, గ్రాంజర్ నోబెల్ స్మారక పురస్కారాన్ని పంచుకున్నారు. గ్రాంజర్‌కు అది కోఇంటిగ్రేషన్ పద్ధతులకు లభించింది.

3. మద్దాల–కిమ్ గ్రంథం: బలం, పరిధి

ఈ రంగంపై విమర్శనాత్మక సమీక్షగా నిలిచిన గ్రంథాల్లో ఒకటి తెలుగు నేలతో సంబంధం ఉన్నది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, బొంబాయిలో సంఖ్యాశాస్త్రంలో ఎం.ఏ., షికాగోలో పిహెచ్.డి. చేసిన జి. ఎస్. మద్దాల, ఇన్-మూ కిమ్‌తో కలిసి యూనిట్ రూట్లు, కోఇంటిగ్రేషన్, నిర్మాణపరమైన మార్పులపై రాసిన పుస్తకాన్ని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం 1998లో ప్రచురించింది. మరుసటి ఏడాదే మద్దాల మరణించారు.

ఆ గ్రంథపు ప్రధాన బలం దాని నిర్మొహమాటం. ఎడతెగకుండా పుట్టుకొస్తున్న పరీక్షలను వరుసగా పేర్చి వదిలేయకుండా, ఏది దేనికి పనికొస్తుందో, ఏది పక్కన పెట్టదగినదో ఆ రచయితలు తేల్చి చెప్పారు. డికీ–ఫుల్లర్, ఫిలిప్స్–పెరోన్ పరీక్షలను ఇకనైనా వదిలిపెట్టి, వాటికంటే సామర్థ్యం గల పరీక్షలకు మళ్లాలని వారు సూచించారు. పావు శతాబ్దం గడిచాక కూడా అవే రెండు పరీక్షలు సిద్ధాంత గ్రంథాల్లో ప్రధాన పట్టికగా కొనసాగుతున్నాయి. మద్దాల పేరు గ్రంథసూచిలో కనిపిస్తుంది గాని, ఆయన సలహా పద్ధతుల అధ్యాయంలో కనిపించడం అరుదు.

ఆ గ్రంథానికి రెండో బలం, నిర్మాణపరమైన మార్పును అనుబంధంగా కాక యూనిట్ రూట్, కోఇంటిగ్రేషన్‌లతో సమాన ప్రతిపత్తి గల అంశంగా శీర్షికలోనే నిలపడం. మలుపును పట్టించుకోని యూనిట్ రూట్ పరీక్ష సగం పరీక్షేనన్న దృష్టి ఆ కూర్పులోనే ఉన్నది.

అయితే ఆ గ్రంథపు పరిధికి ఒక సహజమైన హద్దు ఉన్నది. పరిశోధకుని చేతికి వచ్చిన దత్తాంశంతో దాని చర్చ మొదలవుతుంది. ఆ దత్తాంశం చేతికి రావడానికి ముందు ఏం జరిగిందన్నది దాని ప్రస్తావనకు బయటి విషయం. అభివృద్ధి చెందిన దేశాల గణాంకాలతో పనిచేసేవారికి అది పెద్ద లోటు కాకపోవచ్చు. మార్కెట్ యార్డు ధరలతోనూ, చాలాకాలం ప్రభుత్వ నిర్ణయాలకు లోబడిన వడ్డీ రేట్లతోనూ పనిచేసే భారతీయ పరిశోధకునికి మాత్రం అసలు చిక్కు అక్కడే ఉన్నది. తరువాతి రెండు విభాగాలు ఈ లోటును ఉదాహరణలతో పరిశీలిస్తాయి.

4. టమాటా ధర: అంకె వెనుక ఉన్న యార్డు

అగ్‌మార్క్‌నెట్‌లో ఒక మార్కెట్‌కు రోజువారీ కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ ధరలు క్వింటాలు లెక్కన దొరుకుతాయి. పరిశోధకులు సాధారణంగా మోడల్ ధరను తీసుకుని నెలసరి సగటు కడతారు. ఈ చిన్న పనిలోనే మూడు మార్పులు జరిగిపోతాయి.

మొదటిది సగటు వల్ల వచ్చేది. యాదృచ్ఛికంగా చలించే రోజువారీ శ్రేణికి నెలసరి సగటు కడితే, ఆ సగటుల మొదటి భేదాల మధ్య దాదాపు 0.25 స్వయం సహసంబంధం కృత్రిమంగా పుడుతుందని 1960లోనే హోల్‌బ్రుక్ వర్కింగ్ చూపాడు. రోజువారీ మార్కెట్‌లో లేని జ్ఞాపకశక్తి నెలసరి శ్రేణిలో కనిపించడం మొదలవుతుంది. నెలాఖరు ధరకు బదులు నెలసరి సగటు వాడినవారు ఆ సంగతి చెప్పి, లాగ్‌ల సంఖ్య నిర్ణయంలో దాన్ని పరిగణించాలి.

రెండోది ఖాళీల పూరణం. సెలవులు, సమ్మెలు, సరకు రాని రోజులు, 2020 నాటి లాక్‌డౌన్ వంటి అంతరాయాల్లో ధర నమోదు కాదు. ఆ ఖాళీలను అటూ ఇటూ ఉన్న ధరల మధ్య సరళరేఖ గీసి నింపడం వాడుక. అలా నింపిన భాగంలో శ్రేణి అసలు మార్కెట్‌కు లేని నునుపును సంతరించుకుంటుంది. దాంతో పరీక్షాఫలం యూనిట్ రూట్ వైపు మొగ్గు చూపే అవకాశం పెరుగుతుంది.

మూడోది నాణ్యత మార్పు. ఒకే రోజు ఒకే యార్డులో మేలురకానికీ మూడో రకానికీ ధరలో ఎంతో తేడా ఉంటుంది. వాన తరువాత మచ్చపడిన కాయ ఎక్కువగా వచ్చిన వారంలో మోడల్ ధర తగ్గితే, అది మార్కెట్ పతనమా, సరకు మారడమా అన్నది అంకె చెప్పదు. కోలారులో 15 కిలోల పెట్టె కొలమానం. ఇతర మార్కెట్లలో క్రేటు బరువు వేరు. పెట్టె ధరలను క్వింటాలుకు మార్చేటప్పుడు జరిగే పొరపాటు శ్రేణిలో ఒక మలుపుగా స్థిరపడిపోతుంది.

ఇక కాలవ్యవధి సంగతి. టమాటా నాటిన రెండు మూడు నెలలకే కోతకు వస్తుంది. ధర పెరిగితే నాట్లు పెరుగుతాయి, కొన్ని నెలలకు సరకు వెల్లువెత్తి ధర కూలుతుంది. ఈ జీవలక్షణం ఉన్న పంట ధరలో కుదుపు శాశ్వతంగా నిలుస్తుందనడానికి ఆర్థిక తర్కం దాదాపు లేదు. ఉదాహరణకు ధర తన సగటు నుంచి పక్కకు జరిగిన దూరంలో 80 శాతం మాత్రమే మరుసటి నెలకు మిగులుతుందని ఊహిస్తే, స్వయం ప్రతిగమన గుణకం 0.8 అవుతుంది. అప్పుడు కుదుపు సగానికి తగ్గడానికి 3 నెలలు చాలు. ఈ శ్రేణిని యూనిట్ రూట్ పరీక్ష గుర్తించగలదా అన్నది పరిశీలనల సంఖ్యను 0.2తో గుణించగా వచ్చే విలువపై ఆధారపడి ఉంటుంది. 120 నెలల దత్తాంశం ఉంటే ఆ విలువ 24, పరీక్ష చాలాసార్లు సరైన తీర్పే ఇస్తుంది. 36 నెలలే ఉంటే ఆ విలువ 7.2. ఎలియట్, రోథెన్‌బర్గ్, స్టాక్ 1996లో లెక్కగట్టిన ప్రకారం, స్థిరపదం ఉన్న నమూనాలో ఈ విలువ 7 దగ్గర ఉన్నప్పుడు సాధ్యమైనంత మేలైన పరీక్ష కూడా రెండింటిలో ఒకసారే యూనిట్ రూట్ లేదని గుర్తించగలదు. డికీ–ఫుల్లర్ పరీక్ష సామర్థ్యం అంతకన్నా బాగా తక్కువ.

అంటే మూడేళ్ల దత్తాంశంతో టమాటా ధరలో యూనిట్ రూట్ ఉన్నదని రాసిన వాక్యం టమాటా గురించి చెప్పేది స్వల్పం, మూడేళ్లు చాలవని చెప్పేదే ఎక్కువ. శూన్య పరికల్పనను తిరస్కరించలేకపోవడాన్ని దాన్ని అంగీకరించడంగా రాయడం ఈ రంగంలో అత్యంత సాధారణమైన తర్కదోషం. సాక్ష్యం చాలక కేసు కొట్టివేసినంత మాత్రాన నిందితుడు నిర్దోషి అని రుజువైనట్టు కాదన్న న్యాయసూత్రం ఇక్కడా వర్తిస్తుంది.

ఋతువుల ప్రభావం దీనికి తోడవుతుంది. వేసవి నుంచి తొలకరి దాకా ఈ ప్రాంతపు సరకుకు ఒక గిరాకీ, మిగతా కాలంలో ఇతర రాష్ట్రాల పంటతో పోటీ. నెలలవారీ మార్పును నమూనాలో చేర్చకుండా పరీక్షిస్తే, ఋతుచక్రమే దీర్ఘకాలిక చలనంగా కనిపించే ప్రమాదం ఉన్నది.

5. బాండు రాబడి: నియమాలు మారిన శ్రేణి

టమాటా ధరలో కుదుపులు త్వరగా అణగుతాయి. బాండు రాబడిలో అవి నెమ్మదిగా అణగుతాయి. అందువల్ల పరీక్షకు ఇక్కడ కష్టం ఇంకా ఎక్కువ. నెలసరి గుణకం 0.97 అనుకుంటే కుదుపు సగానికి తగ్గడానికి దాదాపు 23 నెలలు పడుతుంది. పదేళ్ల నెలసరి దత్తాంశంతో పైన చెప్పిన విలువ 3.6 మాత్రమే. ఇక్కడ పరీక్ష యూనిట్ రూట్‌ను తిరస్కరించే సంభావ్యత, యూనిట్ రూట్ నిజంగా ఉన్నప్పుడు పొరపాటున తిరస్కరించే 5 శాతపు సంభావ్యతకు పెద్దగా పైన ఉండదు. ఇలాంటి పరీక్ష ఫలితం ముందే తెలిసినట్టే.

నెలసరి దత్తాంశానికి బదులు రోజువారీ దత్తాంశం తీసుకుంటే పరిశీలనలు 120 నుంచి 2,500కు చేరతాయి, సమస్య తీరిపోతుందన్న అభిప్రాయం విద్యార్థుల్లో బలంగా ఉన్నది. 1985లో షిల్లర్, పెరోన్ దీన్ని పరిశీలించి, పరీక్ష సామర్థ్యం ప్రధానంగా దత్తాంశం ఎన్నేళ్లకు విస్తరించిందన్న దానిపై ఆధారపడుతుందనీ, అదే వ్యవధిని సన్నగా తరిగినందువల్ల కలిగే ప్రయోజనం స్వల్పమనీ చూపారు. రోజుకొక పరిశీలన తీసుకుంటే గుణకం కూడా 1కి మరింత దగ్గరవుతుంది. గుణకారం చివరికి అక్కడే నిలుస్తుంది.

సరే, వ్యవధిని పెంచితే? భారతీయ వడ్డీ రేట్ల విషయంలో వ్యవధి పెంచగానే మరో చిక్కు ఎదురవుతుంది. 1974 నుంచి 1990ల తొలి సంవత్సరాల దాకా 91 రోజుల ట్రెజరీ బిల్లుల రేటు 4.6 శాతం వద్ద కదలకుండా ఉన్నది. అది మార్కెట్ తేల్చిన రేటు కాదు, ప్రభుత్వం నిర్ణయించినది. ప్రభుత్వ బాండ్ల వేలం 1992లో, 91 రోజుల బిల్లుల వేలం 1993లో మొదలయ్యాయి. రిజర్వ్ బ్యాంకు గవర్నరుగా సి. రంగరాజన్ ఉన్న కాలంలో కుదిరిన ఒప్పందం మేరకు, అదే 4.6 శాతానికి జారీ అయ్యే అడ్‌హాక్ ట్రెజరీ బిల్లుల పద్ధతి 1997లో అంతమయింది. కదలని శ్రేణికి విస్తృతి సున్నా. దాన్ని స్టేషనరీ అనడంలోనూ, కాదనడంలోనూ అర్థం లేదు. ఆ భాగాన్ని తరువాతి వేలం రేట్లతో అతికించి ఒకే శ్రేణిగా పరీక్షించినవారు రెండు వేర్వేరు వ్యవస్థల మధ్య అతుకును పరీక్షించినవారవుతారు.

వేలాల కాలంలోనూ శ్రేణి ఒకే నియమానికి లోబడి లేదు. 1990ల నడుమ 14 శాతం దగ్గర ఉన్న పదేళ్ల రాబడి 2003–04లో 5 శాతం దగ్గరకు దిగింది. ఈ ఒక్క సుదీర్ఘ పతనాన్ని నమూనాలో చేర్చకపోతే యూనిట్ రూట్‌గానూ, చేరిస్తే సగటులో మలుపుగానూ కనిపిస్తుంది. 2016లో రిజర్వ్ బ్యాంకు చట్ట సవరణతో ద్రవ్యోల్బణ లక్ష్యం 4 శాతంగా, అటూ ఇటూ 2 శాతం హద్దులతో చట్టబద్ధమయింది. ఆ చట్టం సఫలమైతే ద్రవ్యోల్బణం ఆ హద్దుల వైపు మళ్లుతూ ఉండాలి, అంటే విధానమే దాన్ని స్టేషనరీగా ఉంచాలి. 2016 తరువాతి దత్తాంశంలో ద్రవ్యోల్బణానికి యూనిట్ రూట్ ఉన్నదని ప్రకటించే పరిశోధకుడు, తెలిసో తెలియకో, ద్రవ్యవిధానం విఫలమైందని తీర్పు చెబుతున్నాడు. అంత పెద్ద తీర్పును ఒక్క పీ-విలువ మోయలేదు.

2020–21లో కోవిడ్ వేళ రిజర్వ్ బ్యాంకు భారీ బాండు కొనుగోళ్లతో పదేళ్ల రాబడిని 6 శాతం పరిసరాల్లో నిలిపి ఉంచింది. 2021 ఏప్రిల్‌లో జీ-శాప్ పేరిట లక్ష కోట్ల రూపాయల కొనుగోలును ప్రకటించింది. ఆ నెలల్లో రాబడి సగటు వైపు మళ్లడం మార్కెట్ స్వభావం కాదు, ఒక సంస్థ సంకల్పం. రెపో రేటు విషయంలో ఇది మరింత స్పష్టం. 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లపాటు 6.5 శాతం వద్ద నిలిచిన రేటుకు మొదటి భేదాలన్నీ సున్నాలే. మెట్లు మెట్లుగా మారే ఇలాంటి శ్రేణికి డికీ–ఫుల్లర్ పరీక్ష ఆశించే అవశేషాల స్వభావం వర్తించదు. అయినా రెపో రేటు మొదటి తరగతి సమాకలితమన్న పట్టిక కొల్లలుగా కనిపిస్తుంది.

6. కోఇంటిగ్రేషన్: ఏం చెబుతుంది, ఏం చెప్పదు

కోఇంటిగ్రేషన్ తన సొంత స్థానంలో అమూల్యమైన భావన. 1987లో జాన్ క్యాంప్‌బెల్, రాబర్ట్ షిల్లర్ చూపినట్టు, దీర్ఘకాలిక రాబడి భవిష్యత్ స్వల్పకాలిక రేట్ల అంచనాలపై ఆధారపడితే, రెండు రేట్లలోనూ యూనిట్ రూట్ ఉన్నా వాటి మధ్య ఎడం మాత్రం స్టేషనరీగా ఉండాలి. ఇక్కడ సిద్ధాంతం ముందుగానే ఒక గుణకాన్ని, అంటే 1ని, నిర్దేశించింది. దత్తాంశం దాన్ని సమర్థిస్తుందా లేదా అని పరీక్షించవచ్చు. సిద్ధాంతం ముందు, పరీక్ష తరువాత అన్న క్రమం ఇందులో ఉన్నది.

క్రమం తారుమారైనప్పుడు తప్పులు మొదలవుతాయి. ద్రవ్యోల్బణం, రెపో రేటు, బాండు రాబడి అనే మూడు చరాలతో యొహాన్సెన్ పరీక్ష చేశారనుకుందాం. వీటిలో ద్రవ్యోల్బణం నిజానికి స్టేషనరీ అయితే, ఆ ఒక్క చరమే తనంతట తాను ఒక కోఇంటిగ్రేషన్ సదిశగా లెక్కకు వస్తుంది. పట్టిక ఒక దీర్ఘకాలిక సంబంధం ఉన్నదని చెబుతుంది. పరిశోధకుడు ద్రవ్యోల్బణానికీ రాబడికీ మధ్య ఫిషర్ సంబంధం నిరూపితమయిందని రాస్తాడు. వాస్తవంలో ఏ రెండు చరాల మధ్యా సంబంధం తేలలేదు, ఒక చరం స్టేషనరీ అన్న విషయమే మరో రూపంలో బయటపడింది. కోఇంటిగ్రేషన్ సదిశలో మిగిలిన చరాల గుణకాలు సున్నా అన్న పరికల్పనను పరీక్షిస్తే ఈ పొరపాటు వెంటనే బయటపడుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఆ పరీక్ష కొద్దిపాటి పనే అయినా దాన్ని చేసినవారు తక్కువ. దీనికితోడు, చిన్న ప్రతిచయనాల్లో యొహాన్సెన్ పరీక్ష లేని సంబంధాన్ని ఉన్నట్టు చూపే వైపు మొగ్గుతుందన్న విషయం 1990ల నుంచి తెలిసినదే.

టమాటా మార్కెట్ల విషయంలో ఇబ్బంది ఇంకో రకమైనది. మదనపల్లె, కోలారు ధరలు రెండూ స్టేషనరీ అయితే వాటి మధ్య కోఇంటిగ్రేషన్ అన్న ప్రశ్నే ఉదయించదు. ఒకవేళ రెండింటిలోనూ యూనిట్ రూట్ ఉండి, కోఇంటిగ్రేటెడ్ అని తేలినా, అది చెప్పేది రెండు ధరల మధ్య ఎడం అదుపులో ఉన్నదని మాత్రమే. లారీ బాడుగకు లోపల ఉన్న ఎడాన్ని తొలగించే ప్రయత్నం ఏ వ్యాపారీ చేయడు. ఆ హద్దు దాటినప్పుడే సరకు ఒక యార్డు నుంచి మరో యార్డుకు మళ్లుతుంది. ఈ వాస్తవాన్ని పట్టుకోవడానికి 1997లో బాల్కే, ఫాంబీ ప్రతిపాదించిన హద్దు ఆధారిత కోఇంటిగ్రేషన్ నమూనా అనువైనది.

అంతకన్నా ముఖ్యమైన అంశం విధాన నిర్ణయాలకు సంబంధించినది. రెండు మార్కెట్లు సమైక్యంగా ఉన్నాయి కాబట్టి అవి సమర్థంగా పనిచేస్తున్నాయని, ప్రభుత్వ జోక్యం అక్కర్లేదని ముగించే వ్యాసాలు ఉన్నాయి. చెన్నై, ఢిల్లీ వంటి దూర నగరాలకు కొనే వ్యాపారులు రెండు యార్డుల్లోనూ పాడితే రెండు ధరలూ కలిసే పడిపోతాయి. కిలో రెండు మూడు రూపాయలకు దిగి, రైతులు కాయను రోడ్డు పక్కన పారబోసిన రోజున కూడా ఆ రెండు ధరలు కోఇంటిగ్రేటెడ్‌గానే ఉంటాయి. కోఇంటిగ్రేషన్ ధరల కలయికను కొలుస్తుంది. ఆ ధర రైతుకు గిట్టిందా, కమీషన్ ఎంత పోయింది, చిల్లర ధరలో పండించినవానికి దక్కిన వాటా ఎంత అన్న ప్రశ్నలకు దాని దగ్గర సమాధానం లేదు. అడగని ప్రశ్నకు జవాబు వచ్చినట్టు రాయడం శాస్త్రీయం కాదు.

7. పరిశోధకులు పాటించదగిన క్రమం

పై చర్చ ఆధారంగా కొన్ని సూచనలు రూపొందుతాయి.

మొదట, పరీక్షకు ముందు శ్రేణి గీతాన్ని గీసి, సంస్థాగత తేదీలను దానిపై గుర్తించాలి. బాండు రాబడికి 1992, 1997, 2016, 2020 వంటివి, ధరల సూచీకి ఆధార సంవత్సరం మారిన తేదీలు, మార్కెట్ ధరకు నమోదు పద్ధతి మారిన తేదీలు ముఖ్యమైనవి. మలుపు తేదీని ఏ ఆధారంతో ఎంచుకున్నారో స్పష్టం చేయాలి.

రెండు, దత్తాంశం మూలం, కొలమానం, సగటు కట్టిన పద్ధతి, ఖాళీలను నింపిన తీరు ఒక పేరాలోనైనా నమోదు చేయాలి. ఆ పేరా లేని పట్టికను మరొకరు సరిచూడలేరు.

మూడు, మద్దాల–కిమ్ సూచించినట్టు సామర్థ్యం గల పరీక్షలకు ప్రాధాన్యమివ్వాలి. స్టేషనారిటీని శూన్య పరికల్పనగా తీసుకునే 1992 నాటి కేపీఎస్‌ఎస్ పరీక్షను కూడా జతచేయవచ్చు. రెండు పరీక్షలూ తిరస్కరించకపోతే, దత్తాంశం ఏదీ తేల్చలేదని రాయాలి. అది కూడా ఒక ఫలితమే.

నాలుగు, పీ-విలువతో పాటు గుణకం అంచనాను, కుదుపు సగానికి తగ్గే కాలాన్ని, దాని విశ్వాస అంతరాన్ని ఇవ్వాలి. కుదుపు మూడు నెలల్లో అణగుతుందా, రెండేళ్లు పడుతుందా అన్నది రైతుకూ ద్రవ్యవిధానానికీ ఉపయోగపడే సమాచారం.

ఐదు, 2001లో పెసరాన్, షిన్, స్మిత్ ప్రతిపాదించిన హద్దుల పరీక్షను యూనిట్ రూట్ చిక్కుల నుంచి తప్పించుకునే అడ్డదారిగా వాడరాదు. రెండో తరగతి సమాకలిత చరం ఉంటే అది చెల్లదు. పరీక్షాంకం రెండు హద్దుల మధ్య పడితే నిర్ణయం ఉండదు. నిర్మాణపరమైన మలుపు సమస్య అక్కడా యథాతథంగా నిలుస్తుంది.

8. ముగింపు

స్టేషనారిటీ, కోఇంటిగ్రేషన్ పరీక్షల విలువను ఈ వ్యాసం తోసిపుచ్చలేదు. మిథ్యా ప్రతిగమనాల నుంచి ఆర్థికశాస్త్రాన్ని కాపాడినవి అవే. వాటి తీర్పును సాక్ష్యాల్లో ఒకటిగా కాక తుది నిర్ణయంగా స్వీకరించే అలవాటే ఇక్కడ విమర్శకు గురయింది. మద్దాల–కిమ్ గ్రంథం పరీక్షల లోపాలను నిష్కర్షగా చెప్పింది. దత్తాంశం పుట్టుకను చర్చించే పని ఆయా ప్రాంతాల పరిశోధకులకు మిగిలింది.

2023 జులై ధర గురించి మదనపల్లె మండీలోని అనుభవజ్ఞునికి ఉన్న అంచనా, అంటే కొత్త పంట రాగానే ధర దిగుతుందన్న అంచనా, ఆ ఏడాది ద్రవ్యవిధాన కమిటీ వేసిన అంచనాకు భిన్నమైనది కాదు. ఇద్దరూ పంటకాలం తెలిసి మాట్లాడారు. ఆ పరిజ్ఞానాన్ని నమూనాలోకి తేగలిగిన వ్యక్తి, నిమ్మనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల కళాశాలల నుంచి వచ్చే పరిశోధక విద్యార్థే. నాట్ల కాలం, కోతల కాలం, క్రేటు బరువు, యార్డు సెలవులు అతనికి ఇంటి విషయాలు. వాటిని సిద్ధాంత గ్రంథంలోని దత్తాంశ అధ్యాయంలో రాస్తే, ఆ తరువాత వచ్చే పరీక్షాఫలాల పట్టికను చదివేవారు సరైన కొలతతో చదవగలుగుతారు.